అమ్ములూ, మినిమమ్ డ్యూ జోలికి పోకు

చి. అమ్ములుకు మావయ్య ఆశీస్సులు.

మినియాపోలిస్‌లో దిగిన నెలకే నీకు క్రెడిట్ కార్డు వచ్చిందట, మీ అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది. నాకూ గర్వంగానే ఉంది, టెన్షన్‌గానూ ఉంది. గడువులోగా కట్టడం, నంబరు ఎవరికీ ఇవ్వకపోవడం నీకు చెప్పక్కర్లేదు. నా భయమంతా వడ్డీతోనే.

నేనక్కడ చదివేటప్పుడు మా రూమ్మేట్ ల్యాప్‌టాప్, ఇండియా టికెట్ రెండూ కార్డు మీదే కొన్నాడు. బిల్లులో ‘మినిమమ్ డ్యూ’ అని, ఆ నెలకి కనీసం కట్టాల్సిన చిన్న అంకె కనబడితే అదే కట్టేవాడు. మిగిలినదానికి వడ్డీ పడేది, ఆ నెల కొత్తగా కొన్న సరుకులకూ కొన్నరోజు నుంచే పడేది. ఏడాది తిరిగినా అసలు బాకీ పెద్దగా తగ్గలేదు. “ఇంత వడ్డీకి చట్టం ఎలా ఒప్పుకుంటుంది?” అని బిల్లు పట్టుకుని మా మీద అరిచేవాడు, పిచ్చోడు.

ఒప్పుకుంటుందమ్మా. ఆ గొడవ మీ ఊరిదే. అప్పట్లో మీ రాష్ట్రం మిన్నెసోటాలో కార్డు వడ్డీ 12 శాతం దాటకూడదు. అది గిట్టక అక్కడి మార్క్వెట్ నేషనల్ బ్యాంకు కార్డుకి ఏటా 10 డాలర్ల ఫీజు పెట్టింది. నెబ్రాస్కాలోని ఒమాహా బ్యాంకేమో ఫీజు లేకుండా, తమ రాష్ట్రంలో చెల్లే 18 శాతం వడ్డీతో మీ ఊళ్ళో కార్డులు పంచింది. మార్క్వెట్ వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జాతీయ బ్యాంకుకి అది ఉన్న రాష్ట్రపు వడ్డీయే వర్తిస్తుందని 1864 నాటి చట్టం చూపించి 1978లో తీర్పిచ్చారు. ఇంకేం, 1980లో సౌత్ డకోటా రాష్ట్రం వడ్డీ పరిమితే ఎత్తేసింది. న్యూయార్క్ పరిమితులతో నష్టపోతున్న సిటీబ్యాంక్ 1981లో కార్డుల వ్యాపారాన్ని అక్కడి సూఫాల్స్‌కి తరలించింది. అదే ఏడాది డెలావేర్ రాష్ట్రం కూడా అలాగే పరిమితి తీసేసి బ్యాంకుల్ని పిలిచింది. నీ కార్డు కాగితాల్లో ఏ రాష్ట్రం చట్టమని రాశారో ఒకసారి చూడు.

2009లో వచ్చిన చట్టం కూడా వడ్డీకి గరిష్ఠ పరిమితి పెట్టలేదు. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ ఎన్నేళ్ళకు తీరుతుందో బిల్లు మీద వేయించింది, అంతే. అది చదువు, మా వాడికి ఆ అదృష్టం లేదు.

ఈ రోజే ఆటోపేలో ‘స్టేట్‌మెంట్ బ్యాలెన్స్’, అంటే బిల్లు మొత్తం దానంతటదే కట్టేలా పెట్టి నాకు స్క్రీన్‌షాట్ పంపు. రేపు మాపు అన్నావంటే ఊరుకోను. చలికోటు మాత్రం సేల్ వచ్చేదాకా ఆగకుండా కొనేసెయ్, డబ్బు నేను పంపిస్తాను.

మీ మావయ్య