మైకు పట్టుకున్న మనిషి: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

హనుమకొండ

అమ్మా,

నీ కబడ్డీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి మైకు పట్టుకున్న ఆ పెద్దాయన కోసమే చదివాను. ఒకప్పుడు బాగా ఆడినవాడు, మోకాలు పోయాక ఊరి టోర్నమెంటుకు అనౌన్సర్ అయినవాడు, కొడుకేమో అవతలి జట్టులో రైడర్. ఇంత మంచి మనిషి కథకు దొరకడం అదృష్టం. కానీ ఆయన చేత నువ్వు పదకొండుసార్లు మాట్లాడించి, తొమ్మిదిసార్లు జనం కళ్లముందు జరుగుతున్నదే మళ్లీ చెప్పించావు. 'హోరాహోరీ పోరు', 'నరాలు తెగే ఉత్కంఠ' అంటాడాయన. గ్రౌండు చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్లకు ఆ మాట ఎందుకు? వాళ్లకు కనిపించనిది ఏదో ఉంటుంది. అది చెప్పడానికే మైకు.

2021 సెప్టెంబరులో మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి కదా. మహిళల 1500 మీటర్ల పరుగును హర్మిలన్ బెయిన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తిచేసి జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. అంతకుముందు ఆ రికార్డు సునీతా రాణిది, 2002 ఏషియన్ గేమ్స్‌లో పెట్టిన 4 నిమిషాల 6.03 సెకన్లు. ఇప్పుడు గ్యాలరీలో కూర్చున్న మామూలు మనిషిని ఊహించుకో. ట్రాక్ మీద మూడు రౌండ్లు, పైన ముప్పావు రౌండు పరిగెత్తే అమ్మాయిలు అతనికి కనిపిస్తారు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో కనిపిస్తుంది. కానీ ముందున్న అమ్మాయి అసలు ఎవరితో పోటీ పడుతున్నదో కనిపించదు. పందొమ్మిదేళ్ల కిందటి ఒక అంకెతో పోటీ అది. చివరి రౌండు గంట మోగే వేళకు ఆ పాత అంకెను తెచ్చి ఆమె పక్కన పరిగెత్తించే శక్తి అనౌన్సర్ ఒక్కడికే ఉంటుంది. 'అద్భుతంగా పరిగెత్తుతోంది' అంటే ఆ శక్తి వృథా. 'పాత రికార్డు ఇంత, ఇప్పటికి ఇంత అయింది' అంటే చాలు, గ్యాలరీ మొత్తం లేచి నిలబడుతుంది.

నాకు ఈ సంగతి పుస్తకాల్లో దొరకలేదు, మేడారంలో దొరికింది. చాలా ఏళ్ల కిందట జాతరలో, తప్పిపోయినవాళ్లను కూర్చోబెట్టే ఒక టెంటులో రెండు రోజులు సాయం చేశాను. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వచ్చే జాతర, లక్షల మంది జనం. జంపన్నవాగు నుంచి గద్దెల దాకా తలలే తలలు. మైకులో చెప్పే పని ఒక స్కూలు టీచరుది. మొదట ఆయన కూడా అందరిలాగే 'ఎర్ర గౌను, ఐదేళ్ల పాప' అని చెప్పాడు. ఎవరూ రాలేదు. ఆ జనంలో ఎర్ర గౌన్ల పిల్లలు ఎంతమందో! గంట తర్వాత ఆయన మైకు పక్కన పెట్టి పాప ముందు కింద కూర్చున్నాడు. "మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తది బిడ్డా?" అని అడిగాడు. పిట్ట అంది. "మీ ఇంటికాడ ఏమేమున్నయ్?" అంటే మేక ఉంది, దానికి ఒక కన్ను లేదు అంది. ఆయన లేచి మైకు అందుకున్నాడు.

"పిట్ట ఈడ ఉన్నది. ఒంటికన్ను మేక ఉన్నోళ్ల పిట్ట, ఈడ కూసొని ఏడుస్తున్నది."

పది నిమిషాలు కాకముందే ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో బంగారం, అదే బెల్లం ముద్ద, అట్లాగే ఉంది. పిల్లను పట్టుకోవాలంటే అది కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు.

లక్షల మంది వినే మాటను ఆయన ఒక్క మనిషి కోసం కట్టాడు. నేను కథలో ఏదైనా వర్ణన రాసేటప్పుడు ఇప్పటికీ ఆ మేక గుర్తుకొస్తుంది. ఇంకొకటి కూడా గమనించాను. అక్కడ చెట్లకు, స్తంభాలకు కట్టిన కొమ్ము మైకులు దగ్గరొకటి, దూరమొకటి. వంద మీటర్ల దూరం నుంచి మాట రావడానికి సెకనులో మూడో వంతు పడుతుంది, అందుకే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. అలవాటున్నవాళ్లు చిన్న ముక్క చెప్పి, ఆగి, ఆ ప్రతిధ్వని అణిగాక ఇంకో ముక్క చెప్తారు. పాతకాలపు సాటింపు కూడా అంతే: ముందు డప్పు, ఆగడం, కబురు, మళ్లీ డప్పు. నీ పెద్దాయన మాత్రం ఊపిరి తీసుకోకుండా నాలుగేసి లైన్లు మాట్లాడుతున్నాడు.

మైకు చెప్పనిదాని గురించి కూడా రాయాలి. నా చిన్నప్పుడు ఒక పెళ్లిలో చదివింపులు జరుగుతున్నాయి. ఆ మాటలోనే చదవడం ఉంది. ఎవరు ఎంత పెట్టారో పైకి చదివితేనే చుట్టరికం లెక్కలోకి వచ్చినట్టు. మా నాన్న 116 రూపాయలు రాయించాడు. ఆ రోజుల్లో మాకది చిన్న మొత్తం కాదు. మైకులో చదివే మనిషి పెద్ద మొత్తాలన్నీ సాగదీసి చదివాడు, మా నాన్న పేరు దగ్గర మాత్రం పేజీ తిప్పేశాడు. కావాలని చేశాడా, పొరపాటా అన్నది ఈనాటికీ తెలియదు. నాన్న బంతికి కూర్చోలేదు. పందిరి గుంజ పట్టుకుని, చెవి కొమ్ము మైకు వైపు పెట్టి, పుస్తకం మూసేదాకా అట్లాగే నిలబడ్డాడు. ఆయన మొహం ఆ రోజు ఎట్లా ఉందో నేను ఇంతవరకు ఏ కథలోనూ సరిగ్గా రాయలేకపోయాను.

చెప్పీ చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో చూడాలంటే శ్రీనాథుడి శృంగార నైషధంలో స్వయంవరం చదువు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. వరసలో ఐదుగురు నలులు. వాళ్లను దమయంతికి పరిచయం చేసే పని సరస్వతీదేవి మీద పడింది. అబద్ధం చెప్పకూడదు, దేవతల గుట్టు బయటపెట్టకూడదు. అందుకని ప్రతి పరిచయం అటు ఆ దేవతకూ ఇటు నలుడికీ సరిపోయేలా రెండర్థాల మాటలతో చెప్పింది. మాటలకు అధిదేవతే ఇంత జాగ్రత్తపడితే మనమెంత?

ఇంకో చిక్కు కూడా ఉంది నీ కథలో. ఆరో పేజీలో పెద్దాయన 'ఈ రైడ్ రెండు ఊళ్ల చరిత్రనే మార్చబోతోంది' అంటాడు. ఆయనకు ఎట్లా తెలుసు? ఆట చెప్పేవాడికి తర్వాతి క్షణం తెలియదు. తెలిసేది కథ చెప్పే నీకు. సంజయుణ్ని అందరూ లైవ్ కామెంటరీ మనిషి అనుకుంటారు కానీ, భీష్మపర్వంలో ఆయన యుద్ధభూమి నుంచి వచ్చి ముందు భీష్ముడు పడిపోయాడన్న కబురే చెప్తాడు, ఎట్లా పడిపోయాడన్నది ఆ తర్వాత. ముగింపు తెలిసిన గొంతుకు ఆ బరువు ఉంటుంది. నీ కథలో ఆ గొంతు నీదే, మైకుది కాదు. రెండూ కలపకు.

ఇక కొడుకు పట్టుబడే చోటు. అక్కడ 'ఆయన గొంతు వణికింది, కళ్లు చెమర్చాయి' అని రాశావు. ఆ రెండూ కొట్టేయ్. రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే ఔటే. ముప్పై సెకన్లలో ఏదో ఒకటి తేలాలి. ఈ లెక్క కబడ్డీ తెలియని పాఠకుడికి చెప్పగలిగేది పెద్దాయనే, ఆయన చేతే పొడిగా చెప్పించు. ఆట మొదటి నుంచి కొడుకును పేరుతో పిలుస్తున్నాడు కదా. పట్టుబడ్డాక ఒక్కసారి 'ఏడో నంబర్ రైడర్ ఔట్' అననీ. పేరు ఎక్కడ పోయిందో పాఠకుడు తానే వెతుక్కుంటాడు.

ఫైనల్ అయిపోగానే కథ ఆపేశావు. నాకది తొందరగా ఆపినట్టు అనిపించింది. ఊరి టోర్నమెంట్లో కప్పు ఇచ్చాక కూడా మైకు ఆగదు. ఎవరిదో బండి తాళంచెవి దొరికిందని చెప్పాలి, డీసీఎం వ్యాను అడ్డం తీయమనాలి, భోజనాలు స్కూలు దగ్గర అని చెప్పాలి. కొడుకు తండ్రి వైపు చూడకుండా బ్యాగు సర్దుకుంటున్నాడు. ఆయన అక్కడి నుంచి లేవలేడు, పేరు పెట్టి పిలవలేడు. కానీ 'రెండు జట్ల ఆటగాళ్లు అన్నం తినే పోవాలె' అని మైకులో అనొచ్చు. అది మూడుసార్లు చెప్పించు.

ఆశీస్సులతో,
మీ సార్