ఫ్లెక్సీ మెషీన్ ఇప్పుడే వద్దు

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు. ఏడాదిన్నరగా జనగామలో ఒక ఫ్లెక్సీ షాపులో పని చేస్తున్నాడు. ఇప్పుడు మా మండల కేంద్రంలో సొంతంగా బోర్డుల షాపు పెడతానంటున్నాడు. 4 లక్షలకు పాత ఫ్లెక్సీ మెషీన్ అమ్మకానికి ఉందట. ఎకరం పొలం తాకట్టు పెట్టి కొనిమ్మంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: షాపు పెట్టనివ్వండి. మెషీన్ మాత్రం ఇప్పుడే కొనకండి.

ఫ్లెక్సీ మెషీన్‌ను రోజూ నడపాలి. పని లేక కొన్నాళ్లు ఆగితే ఇంకు చిమ్మే హెడ్‌లో ఇంకు ఎండిపోతుంది. కొత్త హెడ్ ధర కనుక్కున్నాక ఆ 4 లక్షలు చవకగా అనిపించవు. పైగా అది చదరపు అడుగుకు రూపాయి తగ్గించినవాడి దగ్గరికే గిరాకీ పోయే వ్యాపారం. ఎన్నికలప్పుడు రాత్రంతా తిరుగుతుంది, తర్వాత దుమ్ము పడుతుంది. 100 మైక్రాన్లలోపు (మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ) మందం ఉన్న పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉందని కూడా గుర్తుంచుకోండి. ప్రింట్లు ఇప్పుడు పని చేస్తున్న షాపులోనే వేయించుకోవచ్చు. అందుకే ఓనరుతో మాట పడకుండా బయటికి రమ్మనండి.

మొదట కొనాల్సింది రెండడుగుల కటింగ్ ప్లాటర్ (స్టిక్కర్ మీద అక్షరాలను బ్లేడుతో కోసే మెషీన్), ఓ మాదిరి కంప్యూటర్, డ్రిల్, మంచి నిచ్చెన. నిచ్చెన దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. స్టిక్కర్ రోల్ కూడా మరీ చవకది తెస్తే రెండు ఎండాకాలాలకే అంచులు ముడుచుకుపోతాయి. పేరు పోయేది రోల్ కంపెనీది కాదు, మీవాడిది.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. డీటీపీ వాళ్లు వాడే అను తెలుగు ఫాంట్‌లో 'శ్రీలక్ష్మీ స్వీట్స్' అని టైప్ చేసి, స్టిక్కర్ మీద కట్ చేసి తెమ్మనండి. మన అక్షరాల్లో గుడులు, వత్తులు విడి ముక్కలుగా వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో వాటిని వెల్డ్ చేయకుండా, అంటే ఒకే ఆకారంగా కలపకుండా పంపితే బ్లేడు అక్షరం మధ్యలోంచి కోసుకుపోతుంది. 'క్ష్మీ' ఒక్క ముక్కగా ఊడి వస్తే పని వచ్చినట్టే. మూడు ముక్కలుగా వస్తే ఇంకో ఆరు నెలలు ఉద్యోగంలోనే ఉండమనండి.

నిలకడైన డబ్బు లైటింగ్ బోర్డుల్లో ఉంది. అక్కడ మీవాడి ఐటీఐ చదువు అక్కరకొస్తుంది. ఏసీపీ (రెండు వైపులా పల్చటి అల్యూమినియం, మధ్యలో ప్లాస్టిక్ ఉండే) షీటు మీద యాక్రిలిక్ అక్షరాలు, లోపల 12 వోల్టుల ఎల్‌ఈడీ మాడ్యూల్స్. ఒక్కోటి ఒకటిన్నర వాట్ల చొప్పున వంద పెడితే 150 వాట్లు. చాలామంది సరిగ్గా 150 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే డబ్బా) బిగించి వస్తారు. అది ఎప్పుడూ పూర్తి లోడు మీద వేడెక్కుతూ నడిచి తొందరగా పోతుంది. 200 వాట్లది పెట్టాలి. పెద్ద బోర్డయితే ఒకే వైరు చివరిదాకా లాగకూడదు, ఆఖరి అక్షరాలు మసకబారతాయి. వాన నీళ్లు దిగని చోట జాయింట్లు వేయడం అతనికి నేర్పక్కర్లేదనుకుంటాను.

యాక్రిలిక్‌ను మొదట్లో బయట లేజర్ కటింగ్ షాపులో కోయించుకోవడమే మేలు. తర్వాత సొంతంగా లేజర్ కొన్నా, పీవీసీ సన్‌బోర్డు (నురుగులా తేలికైన ప్లాస్టిక్ షీటు), స్టిక్కర్ మాత్రం దాంట్లో పెట్టొద్దని చెప్పండి. కాలితే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ చేటు.

పొలం తాకట్టు పెట్టే ముందు పీఎంఈజీపీ (సొంత ఉపాధికి కేంద్రం సబ్సిడీతో బ్యాంకు రుణం ఇప్పించే పథకం) గురించి జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. వర్గాన్ని, ప్రాంతాన్ని బట్టి ప్రాజెక్టు ఖర్చులో 15 నుంచి 35 శాతం దాకా సబ్సిడీ ఉంటుంది. ఇది కొత్త యూనిట్లకే. ముందే షాపు తెరిచి, తర్వాత దరఖాస్తు పెడితే రాదు. కాబట్టి అద్దె అడ్వాన్సు ఇచ్చే ముందే ఆఫీసుకు వెళ్లి రండి, అబ్బాయిని కూడా తీసుకెళ్లండి.