పెరట్లో పాలీటన్నెల్: 38,500 కోసం చిట్టీ పాడాలా?

విజయవాడ దగ్గర పోరంకి నుంచి ఒక టీచర్ గారు అడిగిన ప్రశ్న ఇది. ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో చిన్న పాలీటన్నెల్ (వంచిన పైపుల మీద ప్లాస్టిక్ కవర్ కప్పి లోపల మొక్కలు పెంచే గుడారం లాంటిది) ఉంది, డిసెంబరు గాలికి కవర్ చిరిగిపోయింది. జూన్ పంటకి మళ్లీ సిద్ధం చేయడానికి 38,500 కొటేషన్ ఇచ్చారట: కవర్, బిగింపు 9,000, టైమర్‌తో డ్రిప్ 7,500, మట్టితో కలిపి 40 కొత్త గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) 14,000, ఎరువులు 5,500, విత్తనాలు, నారు 2,500. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టాలా, లక్ష రూపాయల చిట్టీ ఇప్పుడే పాడేయాలా అని ఆలోచన. సేవింగ్స్‌లో 60,000 ఉంది. సబ్సిడీ ఇప్పిస్తా, ఫైలుకి 2,000 ఇవ్వమని ఇంకొకాయన తిరుగుతున్నాడు.

టీచర్ గారూ, ముందు ఆ 2,000 ఇవ్వకండి. పాలీహౌస్‌లకి ఉద్యాన శాఖ ద్వారా వచ్చే రాయితీ పొలం ఉన్న రైతుల కోసం. పెరట్లో 200 చదరపు అడుగులకి అది రాదు, ఆయన ఫైలు ఎంత లావుగా పెట్టినా సరే.

ఇక కూరగాయల ఖర్చు తగ్గుతుందన్న లెక్క. మీరు రాసినదాన్ని బట్టే పోయినేడు నెలకి 900 చొప్పున ఓ ఏడు నెలలు పటమట రైతు బజారులో ఖర్చు తగ్గింది, అంటే 6,300. 38,500 తిరిగి రావాలంటే ఆరేళ్లు దాటాలి, మంచి కవరైనా మన ఎండకి మూడేళ్లకు మించి ఆగితే గొప్పే. కాబట్టి దీన్ని పొదుపు అనుకోకండి, ఇష్టమైన పనికి పెట్టే ఖర్చు అనుకోండి. నేనూ గుంటూరులో మా మేడ మీద అదే చేస్తున్నాను, తప్పేం లేదు. కానీ ఇష్టానికి అప్పు చేయకూడదు. 16 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ అంటే నెలకి దాదాపు 3,500, వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 4,000 అదనం, ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే తోట మిగిల్చే ఏడు నెలల్లో నాలుగు నెలల కూరగాయలు బ్యాంకు వాళ్లే తినేస్తారు! చిట్టీ కూడా వద్దు, ఇంత తొందరగా పాడితే ఎంత తగ్గించుకోవాలో మీకూ తెలుసు. ఆ 60,000 అసలు ముట్టుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఫ్రిజ్‌లు, బళ్లు మునిగి ఎంతమంది చేతిలో డబ్బు లేక ఇబ్బంది పడ్డారో చూశాం కదా.

మరి తోట సంగతి? ఈఎంఐ కట్టగలనన్న ఆ 3,500నే నెలనెలా పక్కన పెట్టి, పనిని ముక్కలు చేయండి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిలేది మట్టి దగ్గర. 14,000 పెట్టి కొత్త మట్టి ఎందుకండీ? పాత బ్యాగుల్లో మట్టి బాగా ఎండ తగిలే చోట కుమ్మరించి, వేర్లు ఏరేసి, బాగా తడిపి, ఆ చిరిగిన కవర్‌లోనే పారదర్శకంగా ఉన్న ముక్కలు గట్టిగా కప్పి అంచుల మీద మట్టి వేయండి. ఇప్పుడు ఏప్రిల్ చివర్లో కప్పితే మృగశిర కార్తె దాకా ఐదారు వారాలు, రోహిణి ఎండ కూడా మధ్యలోనే వస్తుంది, ఆ వేడికి వేర్లని పట్టే నులిపురుగులు, శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. తర్వాత వేపపిండి, వర్మీకంపోస్ట్ కలిపితే చాలు, అది ఓ 2,000. బాగా చినిగిన బ్యాగులు పదో పన్నెండో మార్చుకోండి, 1,200. విత్తనాలు 500.

ప్లాస్టిక్ కవర్ ఇప్పుడే వేయకండి. మే నెలలో లోపల వంకాయ కాదు కదా, మనమే ఉడికిపోతాం. అవే పైపుల మీద 50 శాతం షేడ్‌నెట్ (ఎండని సగం ఆపే నీడ వల) కట్టుకుంటే 3,000లో అయిపోతుంది. ఇవన్నీ కలిపి 6,700, రెండు నెలల డబ్బు. జూన్ మీకు పిల్లల ఫీజుల నెల, ఏమీ కొనకండి. బెండ, గోంగూర, భాగ్యమతి వంకాయ వానకి తట్టుకుంటాయి, వాటికి కవర్ అక్కర్లేదు. బీర, సొర మాత్రం బయట పందిరికే పాకించండి, లోపలికి తేనెటీగలు రాక పిందె నిలవదు.

జూలై, ఆగస్టు డబ్బుతో కవర్. పైపులు, కవర్‌ని పట్టి ఉంచే జిగ్‌జాగ్ స్ప్రింగులు బాగానే ఉన్నాయంటున్నారు కాబట్టి బిగింపు కూలి తీసేసి కవర్ ధర ఒక్కటీ అడగండి, 7,000 లోపే పడాలి. 200 మైక్రాన్ మందం, యూవీ స్టెబిలైజ్డ్ (ఎండకి త్వరగా పాడవనిది) అని బిల్లు మీద రాయించుకోండి. నాకు ఒక షాపులో నోటిమాటగా అంటగట్టింది ఏడాదికే పసుపెక్కి అప్పడంలా విరిగింది, బిల్లు మీద "ప్లాస్టిక్ షీట్" అని ఉంది, ఏమని అడుగుతాం? ఇంకోటి, తుపాను హెచ్చరిక రాగానే కవర్ విప్పేయండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున నేను బద్ధకించాను, కవర్‌తో పాటు పైపులూ వంగిపోయాయి.

కొత్త కవర్ వేసిన నెల నుంచే 36 నెలల ఆర్‌డీ ఒకటి నెలకి 250తో మొదలుపెట్టండి, తర్వాతి కవర్ డబ్బు దాన్నుంచే వస్తుంది. డ్రిప్ సంక్రాంతి తర్వాత చూద్దాం, వానాకాలంలో దాని అవసరం లేదు. టైమర్ అయితే అసలు కొనకండి, నేను రెండేళ్ల క్రితం కొన్నది ఇంకా డబ్బా విప్పలేదు, కావాలంటే అదే పట్టుకెళ్లండి.