పాకాల కట్ట మీద తల చుట్టూ తిరిగి కుట్టే చారల రెక్కల ఈగ ఏది?

వానాకాలంలో పాకాల చెరువు కట్ట మీద నడుస్తుండగా ఒక ఈగ మీ అబ్బాయి తల చుట్టూ విడవకుండా తిరిగి మెడ మీద కుట్టిందని, రెండు రోజులు వాపు తగ్గలేదని రాశారు. ఇంట్లో ఒకరు దాన్ని తేనెటీగ అన్నారనీ, మరొకరు జోరీగ పిల్ల అన్నారనీ, మీకేమో ఫోటోలో ఆఫ్రికా సెట్సీ ఈగలా కనిపించిందనీ చెప్పి, అది ఏమిటో, దానివల్ల ప్రమాదమేమైనా ఉందో అడిగారు. నాది నర్సంపేట వైపు ఊరు. మా ఇంట్లో మూడు తరాలుగా బర్రెలున్నాయి, నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను, పదేళ్ళుగా ఈ చెరువుల అంచుల్లో పురుగులను చూసి రాసుకుంటున్నాను. అందువల్ల నా కంటితో చూసినదాన్ని ఆధారం చేసుకొని సమాధానం రాస్తున్నాను.

అది జోరీగల కుటుంబానికే చెందిన క్రైసోప్స్ అనే ప్రజాతి ఈగ. ఇంగ్లీషు వాళ్ళు ఈ ప్రజాతి ఈగలను డీర్ ఫ్లై అంటారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే జాతి క్రైసోప్స్ డిస్పార్. దీనికి ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త 1798లో పేరు పెట్టాడు. భారతదేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా వరకు ఈ జాతి విస్తరించి ఉంది. క్రైసోప్స్ అంటే గ్రీకు భాషలో బంగారు కన్ను అని అర్థం. మన పత్తి రైతులు మిత్రపురుగుగా ఎరిగిన క్రైసోపెర్లా పేరులోనూ ఆ బంగారమే ఉంది కాబట్టి ఈ రెండు పేర్లను కలిపేసుకునేవారు నాకు చాలామంది తారసపడ్డారు. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. క్రైసోపెర్లా పిల్లపురుగు పేనుబంకను తింటుంది, దానికి రక్తంతో పనిలేదు.

"జోరీగ పిల్ల" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చిన్నప్పుడు నేనూ అదే నమ్మాను. బర్రెల వీపు మీద వాలే బొటనవేలి గోరంత పెద్ద జోరీగలను, వాటిలో సగం కూడా లేని ఈ చారల ఈగలను ఒకే చోట చూసేవాడిని గనుక ఇవి పెరిగి అవి అవుతాయనుకున్నాను. ఈగ జాతుల్లో అలా జరగదు. పెరుగుదల అంతా పిల్లపురుగు దశలోనే పూర్తవుతుంది, రెక్కలు వచ్చాక ఈగ పరిమాణం మారదు. చిన్న ఈగ చిన్న జాతి ఈగే, పెద్ద జోరీగకు పిల్ల కాదు. పెద్ద జోరీగలు టబానస్ అనే వేరే ప్రజాతివి.

గుర్తుపట్టడానికి ముందుగా రెక్కలు చూడండి. తేనెటీగకు నాలుగు రెక్కలుంటాయి, దీనికి రెండే. ఆ రెండూ తేటగా ఉండి, ముందు అంచు వెంబడి గోధుమరంగు, అక్కడి నుండి రెక్కకు అడ్డంగా ఒక వెడల్పాటి గోధుమ పట్టీ, కొన దగ్గర మరో మచ్చ కనిపిస్తాయి. మీ ఫోటోలో కొంత మసక ఉన్నా ఆ అడ్డపట్టీ స్పష్టంగా పడింది. వాలినప్పుడు ఈ రెక్కలు వెనక్కి కొంచెం విచ్చుకొని, పైనుంచి చూస్తే త్రికోణంలా ఉంటాయి. సెట్సీ ఈగ అయితే రెక్కలను కత్తెర మూసినట్టు ఒకదాని మీద ఒకటి పూర్తిగా కప్పుకుంటుంది, దాని తొండం ముందుకు పొడుచుకొని ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా అది ఆఫ్రికా ఖండంలో బతికే ఈగ, మన దగ్గర లేదు. పెద్ద జోరీగల రెక్కలు చాలా వరకు మచ్చలేని తేట రెక్కలు. ఇక మన చెరువుల దగ్గరే హెమటోపోటా అనే మరో చిన్న ఈగ ఉంది. దాని రెక్కల నిండా బూడిదరంగు చుక్కలూ గీతలూ ఉంటాయి, ఇంటి వాలుకప్పులా రెక్కలను కిందికి వాల్చుకుంటుంది, చప్పుడు చేయకుండా వచ్చి వాలుతుంది. మీ అబ్బాయి చుట్టూ తిరిగింది అదైతే మీకు మచ్చల రెక్క కనిపించేది, పట్టీ కాదు.

రెక్కల తర్వాత కళ్ళు. బతికున్న క్రైసోప్స్ కన్ను ఎండలో ఆకుపచ్చగా, బంగారు ఛాయతో మెరుస్తుంది, అందులో ముదురు ఊదా మచ్చలుంటాయి. ఇంత అందమైన కన్ను మన ఊరి ఈగల్లో నేను మరొకటి చూడలేదు. అయితే ఈగ చచ్చాక ఆ రంగులు నిలవవు. నేను మొదటిసారి గుండుసూదికి గుచ్చి దాచిన నమూనా మర్నాటికి మట్టిరంగు కళ్ళతో కనిపించేసరికి పొరపాటున మరో ఈగను గుచ్చానేమోనని అనుమానించాను. ఆ రంగు వర్ణద్రవ్యంతో వచ్చింది కాదు, కంటి పైపొరల్లో వెలుగు విరిగి పుట్టేది కాబట్టి, ఎండిపోగానే మాయమవుతుంది. తడి అద్దుడు కాగితం వేసిన డబ్బాలో ఒక రోజు ఉంచితే కొంతవరకు తిరిగి కనిపిస్తుంది. అందుకే ఈ ఈగ విషయంలో దాచిన నమూనా కంటే బతికున్నప్పుడు తీసిన ఫోటోకే ఎక్కువ విలువ ఉంది.

చేతిలో భూతద్దం ఉంటే సందేహం పూర్తిగా తీరిపోతుంది. క్రైసోప్స్ స్పర్శశృంగాలు, అంటే తల ముందున్న మీసాలు, సన్నగా, తలకంటే పొడవుగా ముందుకు చాచి ఉంటాయి, పెద్ద జోరీగలవి పొట్టివి. నడినెత్తిన మూడు చుక్కల్లాంటి చిన్నకళ్ళుంటాయి. వెనుక కాలి పిక్క చివర రెండు చిన్న ముళ్ళుంటాయి. టబానస్‌కు గానీ హెమటోపోటాకు గానీ ఆ ముళ్ళు ఉండవు. కుట్టింది ఆడదని మాత్రం చూడకుండానే చెప్పవచ్చు. మగ ఈగకు రెండు కళ్ళూ నడినెత్తిన కలిసిపోతాయి, ఆడదానికి మధ్యలో సందు ఉంటుంది. మగది పూలతేనె తాగి బతుకుతుంది, కుట్టదు. ఆడది కూడా తన ఒంటి శక్తికి పూలతేనే తాగుతుంది, రక్తం కావలసింది గుడ్లు తయారు కావడానికే.

ఆ గుడ్ల కథ తెలిస్తే ఈ ఈగ చెరువు కట్టనే ఎందుకు పట్టుకొని ఉంటుందో అర్థమవుతుంది. ఒక ఆగస్టులో చెరువు శిఖం వైపు మోకాలి లోతు నీళ్ళలో తుంగ ఆకులను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తూ వెళ్ళాను. నీటిమీదికి వంగిన ఒక ఆకు అడుగున బియ్యపు నూకను వరుసగా అంటించినట్టు తెల్లటి గుడ్ల పొర ఒకటి కనిపించింది, దాని పక్కనే ఈగ ఇంకా వాలి ఉంది. పెద్ద జోరీగలు గుడ్లను వరస మీద వరసగా కుప్ప పెడతాయి, క్రైసోప్స్ మాత్రం ఒకే పొరగా పరుస్తుంది. ఆ ఆకును తెంచి ఇంటికి తెచ్చాను, సాయంత్రానికల్లా తెలుపు పోయి గుడ్లు నల్లబడ్డాయి. వారంలోపే కొన్ని గుడ్ల నుండి కంటికి ఆనీ ఆనని తెల్లటి పురుగులు బయటికొచ్చి, ఆకు కింద పెట్టిన నీటి పళ్ళెంలోకి జారిపడ్డాయి. మిగిలిన గుడ్ల నుండి ఈగ పిల్లలు రాలేదు, ఆవగింజలో సగం కూడా లేని నల్ల కందిరీగలు వచ్చాయి. టెలినోమస్ అనే ఆ పరాన్నజీవి కందిరీగలు ఈగ గుడ్డులో తమ గుడ్డు పెట్టి, దాన్ని లోపల నుండే తినేస్తాయి. చెరువు అంచున తుంగను తగలబెడితే ఈగలు పోతాయని మా ఊళ్ళో కొందరు అంటుంటారు. ఆ ఆకుల మీదే ఈగలకు శత్రువైన కందిరీగ కూడా పెరుగుతోందని ఆ రోజు చూశాక, నేను ఆ పనికి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నీళ్ళలో పడ్డ పిల్లపురుగులు అంచున ఉండే మెత్తటి బురదలోకి దూరతాయి. రెండు కొనలూ సన్నబడి, ఒక్కో కణుపు చుట్టూ చిన్న బుడిపెలతో, తోకవైపు గాలి పీల్చే గొట్టంతో ఉంటాయి. క్రైసోప్స్ పిల్లపురుగు ముఖ్యంగా కుళ్ళిన ఆకులూ అలములూ ఉన్న బురదను తిని బతుకుతుంది. టబానస్ పిల్లపురుగు అలా కాదు, వేటాడుతుంది. తెలియక రెండు టబానస్ పిల్లపురుగులను ఒకే సీసాలో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఒకటే మిగిలింది. నెలల తరబడి బురదలో గడిపి, పెరుగుదల పూర్తయ్యాక అవి కొంచెం ఆరిన గట్టు మట్టిలోకి జరిగి ప్యూపాగా మారతాయి, తర్వాత ఈగలై లేస్తాయి. తొలకరి పడి చెరువు అంచులన్నీ తడిసిన తర్వాత ఇవి ఎక్కువ కావడానికి, మత్తడి దూకే రోజుల్లో కట్ట కింద తడి నేలల దగ్గర మరీ బాధపెట్టడానికి కారణం ఇదే. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల నాటి చెరువులకు అంచున తుంగ, పక్కనే అడవి, ఆ అడవిలో దుప్పులు, మేతకు వచ్చే పశువులు అన్నీ ఉన్నాయి కాబట్టి ఈ ఈగకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

ఇది వేటను వెతికేది పట్టపగలు, ఎక్కువగా కంటితోనే. కదిలే వస్తువు, ముదురు రంగు, మనం వదిలే ఊపిరి దీన్ని లాగుతాయి. మనిషి మీదికి వచ్చినప్పుడు ఎత్తైన భాగాన్ని ఎంచుకుంటుంది కాబట్టే తల, మెడ దీనికి దొరుకుతాయి. మా తాత బర్రెలు కాయడానికి వెళ్ళినప్పుడు తలరుమాలులో ఆకులున్న వేపకొమ్మ ఒకటి నిలువుగా దోపుకునేవాడు. అది వేప వాసన కోసమని నేను అనుకునేవాడిని. ఇప్పుడు చూస్తే ఈగ ఆ కొమ్మ కొన చుట్టూ తిరిగి, మెడను వదిలేసేదని తోస్తుంది. మిరప చేలల్లో తామర పురుగులకు పెట్టే నీలి జిగురు అట్ట ఒకటి కర్రకు కట్టి, తలకంటే మూరెడు ఎత్తున పట్టుకొని నేను కట్ట మీద నెమ్మదిగా నడిచి చూశాను. అరగంటలో 11 క్రైసోప్స్ ఈగలు అతుక్కున్నాయి, అన్నీ ఆడవే. కర్రను పాతి కదలకుండా ఉంచిన రోజు రెండే పడ్డాయి. కదలిక దీనికి ఎంత ముఖ్యమో ఆ తేడాతో తెలిసింది.

కాబట్టి మీరు ఆ వైపు వెళ్ళేటప్పుడు నలుపు, ముదురు నీలం బట్టలు మానేసి లేత రంగులు వేసుకోండి, పిల్లవాడి మెడ కప్పేలా తువ్వాలు చుట్టండి. దోమ సూదిలా గుచ్చుతుంది, ఇది కత్తెరలాంటి నోటి భాగాలతో చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని అద్దుకొని తాగుతుంది. అందుకే నొప్పి ఎక్కువ, ఈగ లేచాక కూడా రక్తం కారుతుంది. సబ్బునీటితో కడిగి, చల్లటి గుడ్డ అద్ది, గోకకుండా చూస్తే చాలామందికి రెండు మూడు రోజుల్లో వాపు పోతుంది. ఊపిరి ఆడకపోయినా, ముఖం, పెదవులు వాచినా, గాయం చీము పట్టినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఈ ఈగ కుడితే కంట్లోకి పురుగు వస్తుందని మీరు చదివింది లోవా లోవా అనే పురుగు గురించి. దాన్ని మోసేవి పశ్చిమ, మధ్య ఆఫ్రికా వర్షారణ్యాల్లోని క్రైసోప్స్ సిలాసియా, క్రైసోప్స్ డిమిడియాటా జాతులు. అమెరికాలో డీర్ ఫ్లై జ్వరమని పిలిచే తులరేమియా కూడా అక్కడి మరో జాతితో ముడిపడింది. పాకాల కట్ట మీద కుట్టించుకున్న మీ అబ్బాయి విషయంలో ఆ రెండింటి గురించి దిగులు వద్దు.

మన దగ్గర నిజంగా పట్టించుకోవలసింది పశువుల సంగతి. సర్రా రోగాన్ని కలిగించే సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. ఒక పశువు మీద రక్తం తాగుతున్న జోరీగను అది తోకతో కొడితే, నోటికి తడి రక్తంతోనే ఈగ పక్క పశువు మీద వాలుతుంది, రోగం అలా పాకుతుంది. ఈ పనిలో పెద్ద జోరీగలదే ముఖ్య పాత్ర. మా పక్కింటి బర్రెకు జ్వరం వస్తూ పోతూ, మేత మేస్తున్నా చిక్కిపోతూ ఉంటే, మూడు వారాలు వేరే రోగమనుకొని మందులు వాడారు. చివరికి రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూస్తే సర్రా అని తేలింది. అప్పటికి అది లేవలేని స్థితికి వచ్చింది, దక్కలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. మీ ఇంట్లో పశువులుంటే, వానాకాలంలో ఆగి ఆగి వచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకుండా రక్తపరీక్ష అడగండి, జబ్బు పశువును మంద నుండి దూరంగా కట్టండి. మిట్టమధ్యాహ్నం బర్రెలను నీడ చిక్కగా ఉన్న కొట్టంలో కట్టేసినా, నీళ్ళలో మునగనిచ్చినా ఈగల బాధ బాగా తగ్గుతుంది, ఎందుకంటే ఇవి చీకటి కొట్టాల్లోకి సాధారణంగా రావు.

మీ ఫోటోను బట్టి ప్రజాతి క్రైసోప్స్ అన్నది ఖాయం. జాతి కూడా నిర్ధారించుకోవాలంటే, మళ్ళీ వెళ్ళినప్పుడు అది ఆకు మీద వాలి ఉండగా నేరుగా పైనుండి ఒక ఫోటో, పొట్ట మీది నల్ల గుర్తులు కనిపించేలా మరొక ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. పొద్దున తొమ్మిది దాటాక, ఎండ పడే తుంగ పక్కన దొరుకుతుంది.