నాలుగో భాగం దగ్గర ఆగిపోయేవాళ్లకి

ప్రశ్న: ఫాంటసీ సిరీస్ ఏది పట్టినా మొదటి మూడు భాగాలూ నిద్ర మానుకుని చదువుతాను. నాలుగోదో అయిదోదో వచ్చేసరికి పక్కన పడేస్తున్నాను. లోపం నాదా, రాసినవాళ్లదా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఎక్కువసార్లు రాసినవాళ్లదేనమ్మా. కథ ముందుకి వెళ్లడం మానేసి పక్కలకి పెరుగుతుంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ చూడండి. 1996లో వచ్చిన మొదటి భాగంలో, ప్రోలాగ్ వదిలేస్తే, కథ 8 మంది వైపు నుంచి నడుస్తుంది. 2011 నాటి అయిదో భాగంలో, ప్రోలాగ్, ఎపిలాగ్ రెండూ వదిలేస్తే, వాళ్లు 16 మంది. పుస్తకం ఎంత లావైనా ఒక్కొక్కరి వంతు తగ్గిపోతుంది. పైగా 2005లో వచ్చిన నాలుగోదాంట్లో ముఖ్య పాత్రలైన జాన్, టిరియన్, డెనేరిస్‌ల అధ్యాయాలు ఒక్కటీ లేవు. 2000లో మూడోది ముగించినవాళ్లు ఆ ముగ్గురి కోసం 11 ఏళ్లు ఆగాలి. ఈలోగా ఎవరు ఎవరి పక్షమో ఎవరికి గుర్తుంటుంది?

రాబర్ట్ జోర్డాన్ ‘ద వీల్ ఆఫ్ టైమ్’ది వేరే జబ్బు. తొమ్మిదో భాగం చివర పెద్ద ఘట్టం ముగుస్తుంది. పదోది (2003) వెనక్కి వెళ్లి, అదే సమయానికి మిగతావాళ్లు ఏం చేస్తున్నారో చెబుతూ కూర్చుంటుంది. మీరు ఆగింది అక్కడైతే, పదోదాని సారాంశం చదువుకుని పదకొండుకి వెళ్లిపోండి. నడక మళ్లీ అందుకుంటుంది.

తిరిగి మొదలుపెట్టడానికి అన్నీ మళ్లీ చదవక్కర్లేదు. ముందు భాగంలో చివరి మూడు అధ్యాయాలు చాలు. ఆరేడు పాత్రలు ఎక్కడున్నాయి, ఏం కావాలి, ఎవరు అడ్డం - ఇంతవరకే ఓ కాగితం మీద రాసుకోండి. వంశవృక్షాల జోలికి పోతే ఆ పనే విసుగు పుట్టిస్తుంది. మార్టిన్ అధ్యాయాలకి చాలావరకు పాత్రల పేర్లే పెట్టాడు కాబట్టి, నచ్చినవాళ్లవి వరసగా చదివేసి మిగతావి తర్వాత చూసుకోవచ్చు. సగం పుస్తకం అయినా అసలు చిక్కు కదలకపోతే మొహమాటం లేకుండా మూసేయండి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని చదవకండి! మధ్యలో ఓ చిన్న కథ చదవాలనిపిస్తే మీ ఊళ్లో కథల గ్రంథాలయం కథానిలయం ఉండనే ఉంది.

ప్రశ్న: మరి కాశీమజిలీ కథలు 12 భాగాలు కదా, మా పెద్దవాళ్లు విసుగు లేకుండా ఎలా చదివారు?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కాశీకి వెళ్లే దారిలో ఆగిన మజిలీలో, వెంట వచ్చిన కుర్రాడు ఓ వింత చూసి అడుగుతాడు, మణిసిద్ధుడనే యతి దాని కథ చెబుతాడు. కొన్ని కథలు చాలా మజిలీలు సాగినా, వాటి ముడి విప్పాకే రచయిత మధిర సుబ్బన్న దీక్షితులు ఇంకోటి ఎత్తుకుంటారు. అందుకని ఏ భాగం దొరికినా ఫరవాలేదు, కొత్త కథ మొదలయ్యే మజిలీ ఎక్కడుందో చూసుకుని అక్కణ్ణించి చదవండి.