విగ్రహం అంటే యుద్ధమా?

ప్రశ్న: తిరుపతిలో గది తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల నోట్సులో కౌటిల్యుడి ఆరు విధానాలు అని సంధి, విగ్రహం, యానం, ఆసనం, సంశ్రయం, ద్వైదిభావం ఇచ్చారు. విగ్రహం పక్కన ‘యుద్ధం’ అని ఉంది. ఇది నిగ్రహానికి అచ్చుతప్పా? కాకపోతే దేశాల గొడవలకు ఈ మాట ఇప్పుడు వాడవచ్చా? ఆసనం అంటే తటస్థతేనా? (ఒక పాఠకుడు, తిరుపతి)

సమాధానం: అచ్చుతప్పు కాదు. తప్పంటూ ఉంటే పక్కన చేర్చిన ‘యుద్ధం’ అనే అర్థంలో ఉంది, అదీ సగం తప్పే.

గోవిందరాజస్వామి గుడి ఉన్న ఊళ్లో విగ్రహం అనగానే దేవుడి మూర్తి గుర్తుకు రావడంలో వింత లేదు, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ స్కూల్లో ‘విగ్రహవాక్యం రాయండి’ అంటే ‘రాజు యొక్క భటుడు’ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే కదా అందరం, అక్కడ ఏ బొమ్మను చూసి రాశాం? ఈ మాటకు మూలం గ్రహ ధాతువు, పట్టుకోవడం దాని పని, ముందు చేరే ఉపసర్గను బట్టి ఆ పట్టు మారుతూ ఉంటుంది. దయతో పట్టుకుంటే అనుగ్రహం, అణచిపట్టుకుంటే నిగ్రహం, కూడదీసి పట్టుకుంటే సంగ్రహం, దానమిచ్చింది పుచ్చుకుంటే ప్రతిగ్రహం. అర్థశాస్త్రంలో ఉపగ్రహం అంటే అవతలి రాజ్యంలో మండిపడుతున్నవాళ్లను మెల్లగా మనవైపు తిప్పుకోవడం (మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి పైకి పంపేది వేరే ఉపగ్రహం, అందులోని గ్రహం ఆకాశంలోది). ఇక ‘వి’ చేరిందంటే విడదీసి పట్టడం, పరిచి చూపడం. సమాసాన్ని విడదీసి చెబితే విగ్రహవాక్యం. కాళ్లూ చేతులూ విడివడి కనిపించేది కాబట్టి శరీరం విగ్రహం, ఆ శరీరం పోలికలో చెక్కిందీ పోతపోసిందీ విగ్రహం. కలిసి ఉండాల్సినవాళ్లు విడిపోయి ఎదురెదురుగా నిలబడితే అదీ విగ్రహమే. సంస్కృత నిఘంటువు అమరకోశం తీయండి, శరీరం పేర్లలో ఒకసారి, ‘కలహవిగ్రహౌ’ అని యుద్ధం పేర్లలో ఒకసారి, ‘విస్తారో విగ్రహో వ్యాసః’ అని ఇంకోసారి, మూడుచోట్ల కనిపిస్తుంది. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మిగతా రెండూ అందులోంచే పుట్టాయని నా నమ్మకం, కాదనేవాళ్లూ ఉంటారు.

కౌటిల్యుడు అర్థశాస్త్రం ఏడో అధికరణం మొదట్లోనే ఆరింటికీ రెండేసి ముక్కల్లో లక్షణం చెప్పేశాడు. ‘పణబంధః సంధిః’ అన్నాడు, అంటే షరతుల మీద కట్టుబడటం. వెంటనే ‘అపకారో విగ్రహః’ అన్నాడు. గమనించారా, అక్కడ కత్తి లేదు, సైన్యం లేదు, అపకారం ఒక్కటే ఉంది. బలం పెరిగి దండు కదిలే దశకు యానం అని విడిగా పేరు పెట్టాడు. వాతవ్యాధి అనే ఆచార్యుడు ఉన్నవి సంధి, విగ్రహం రెండే, మిగతా నాలుగూ వాటిలోంచే వస్తాయంటే కౌటిల్యుడు ఒప్పుకోలేదు, అవస్థలు వేరు కాబట్టి ఆరూ ఆరే అన్నాడు. ఆయన అంత పట్టుబట్టి నిలిపిన తేడాను మీ నోట్సు రాసినాయన ఒక్క ‘యుద్ధం’తో చెరిపేశారు. అమెరికా 1961లో క్యూబాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది, 1962లో వాణిజ్యమంతా ఆపేసింది. 2015లో రాయబార కార్యాలయాలు మళ్లీ తెరిచాక కూడా ఆ ఆంక్షలు పోలేదు. ఇది యుద్ధమా? కాదు. శాంతా? అదీ కాదు. అచ్చంగా విగ్రహం.

ఇక్కడే నాకు మండుతుంది. అమెరికా, సోవియట్ యూనియన్ నలభై ఏళ్లకు పైగా సాగించిన వైరానికి మనవాళ్లు ‘ప్రచ్ఛన్న యుద్ధం’ అని పేరు పెట్టారు. ప్రచ్ఛన్నం అంటే కప్పిపెట్టినది. 1961లో బెర్లిన్ నడిమధ్య కట్టిన గోడను ఎవరు కప్పిపెట్టారండీ? 1948లో ఆ నగరానికి రోడ్లూ రైళ్లూ ఆపేసింది చాటుగానా? గూఢచారుల పని చాటుగా జరిగింది నిజమే, వైరం మాత్రం ఊరందరికీ తెలుసు. ఆ ఇద్దరూ నేరుగా యుద్ధం చేసుకోలేదు, వైరాన్ని దాచుకోనూ లేదు, రెండు ముక్కల పేరులో రెండూ పొసగలేదు. కౌటిల్యుడి మాట చేతిలో ఉండగా ఈ తంటా ఎందుకు? పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది కాబట్టి ఇప్పుడు మార్చమనను, పేపరు దిద్దేవాళ్లతో మీకు పేచీ వద్దు. ఆ పేరు వచ్చాక పత్రికలకు ఇక అడ్డూ అదుపూ లేదు. సుంకం పెంచితే వాణిజ్య యుద్ధం, ఇద్దరు నాయకులు తిట్టుకుంటే మాటల యుద్ధం, క్రికెట్ మ్యాచ్ అయితే మహాయుద్ధం. నిజం యుద్ధం వచ్చిన రోజు ఈ పత్రికలు ఏ మాట వాడతాయో మరి.

ఈసారి కొండకు పోతే, మహాద్వారం దాటాక మండపంలో ఇద్దరు దేవేరులతో నిలబడిన కృష్ణదేవరాయలను తోపులాటలోనైనా ఒక్క నిమిషం చూడండి. మోడ్చిన చేతులు, భుజం మీద చెక్కిన పేరు. ఒడిశా నేలే గజపతితో విగ్రహానికి దిగి, 1514లో ఉదయగిరి పట్టుకుని, చివరికి కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల తిరిగిచ్చి, గజపతి కూతురిని పెళ్లాడి సంధి చేసుకున్న రాజు అక్కడ తానే విగ్రహమై ఉన్నాడు.

ఆసనం సంగతి. ‘ఉపేక్షణమాసనం’ అన్నాడు కౌటిల్యుడు, అంటే చూసీ చూడనట్టు కూర్చుని సమయం కోసం కాచుకోవడం. తటస్థుడు ఒడ్డున ఉన్నవాడు, ఏటితో అతనికి పనిలేదు. ఆసనంలో ఉన్నవాడికి పని ఉంది, అదను రాలేదు. కాబట్టి రెండూ ఒకటి కావు. 1961లో బెల్‌గ్రేడ్ సదస్సుతో రూపు కట్టిన అలీనోద్యమాన్ని కూడా ఈ రెంటితో కలపకండి, కూటమిలో లీనం కాకపోవడం వేరు, అభిప్రాయం లేకపోవడం వేరు. ఉపేక్ష ఎప్పుడూ తెలివైన పనే అనుకోనక్కర్లేదు. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా రాజకీయం నడిపిన తిక్కన, కౌరవ సభలో కృష్ణుడి చేత ‘దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అనిపించాడు. ఆపగలిగిన సత్తా ఉండీ ఊరుకున్న పెద్దలకు అంతకన్నా గట్టి చీవాట్లు తెలుగులో నేను చదవలేదు.

ఇప్పుడు వాడవచ్చా అంటే, పరీక్షలో ‘విగ్రహం: తెలిసి చేసే శత్రుత్వం, యుద్ధం దాకా పోవచ్చు’ అని రాయండి. వార్తలో ‘రెండు దేశాల మధ్య విగ్రహం’ అంటే మన ఊళ్లో ‘ప్రతిష్ఠ ఎప్పుడు’ అని అడుగుతారు. విరోధం, వైరం ఉన్నాయి గానీ విగ్రహంలో ఉన్న ‘ఇది ఒక విధానం’ అనే ఛాయ వాటికి రాదు. అందుకని వద్దనను, రాయమని గట్టిగానూ చెప్పను. జంటగా ‘సంధివిగ్రహాలు’ అంటే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనం రచించిన హరిషేణుడి పదవి సాంధివిగ్రహికుడు, రెండు పనులూ ఒకడివే.

అన్నట్టు అది ‘ద్వైదిభావం’ కాదు, ద్వైధీభావం. ధకు ఒత్తు ఉంది, దీర్ఘం కూడా ఉంది. ఒకరితో సంధి, ఇంకొకరితో విగ్రహం నడపడం దాని అర్థం. నోట్సులో అలా ఉంటే అక్కడ దిద్దుకోండి.