బ్యారన్‌లో రికార్డింగు మొదలుపెట్టే ముందు

బుజ్జమ్మకు,

మూలాపేట తాతయ్య దీవించి రాసేది. మేమిక్కడ క్షేమం. మీ అమ్మమ్మ ఇంటి బ్యారన్, అదే పొగాకు ఆకు ఆరబెట్టే కొట్టం, తాళాలు నీ చేతికొచ్చాయని తెలిసింది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "మామా, ఇది ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టింది. టంగుటూరులో మన పాత పొగాకు బ్యారన్ శుభ్రం చేయిస్తా ఉంది. ఇంకో ముగ్గురు పిలకాయలతో కలిసి ఏందో సైకడెలిక్ రాక్ అంట, ఆల్బమ్ అంట. నువ్వన్నా చెప్పు" అని ఏడ్చినంత పని చేసింది. చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వసారాలోనే కూర్చుండిపోయాను. నిన్ను ఆపడానికి రాస్తున్నానని అనుకోకు. మన ఇంట్లో ఇంకొకరికి ఆ పిచ్చి పట్టిందని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. సగం సంతోషం, సగం భయం. ఫోన్‌లో అయితే "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం తీశాను.

అన్నిటికంటే ముందు కరెంటు. ఆ బ్యారన్‌ది మట్టినేల. వాన పడితే గోడల్లో చెమ్మ దిగుతుంది. ఎప్పుడో లాగిన వైరు ఇంకా ఆ దూలానికే వేలాడుతుంటుంది. అది మొత్తం పీకించు. ఎలక్ట్రీషియన్ని పిలిచి కొత్తగా ఎర్త్ గుంత తవ్వించు, బొగ్గూ ఉప్పూ వేయించు, మనిషికి షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించు. స్పీకర్లో గుంయ్‌మని హమ్ వస్తోందని మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేసే వాళ్లుంటారు. అలాంటి వాణ్ణి గడప తొక్కనివ్వకు.

నేను ఆర్కెస్ట్రాలో ఉన్నప్పుడు ఒక శ్రీరామనవమి పందిట్లో మా గిటారిస్టు, నా ప్రాణస్నేహితుడు, తీగల మీద చెయ్యి తియ్యకుండానే మైకు దగ్గరికి వంగాడు. పెదవి మైకు జాలీకి తగిలింది. తగిలినవాడు తగిలినట్టే బిగుసుకుపోయాడు. జనం అదేదో అభినయం అనుకున్నారు. నేను పరిగెత్తి ప్లగ్గు పీకేసరికి నాలుగు సెకన్లయిందో, ఐదో. బతికాడు. పెదవి మీద కాలిన మచ్చ మాత్రం చివరిదాకా ఉండిపోయింది. ఆ తర్వాత ఏ స్టేజీ ఎక్కినా మైకు జాలీకీ గిటారు తీగకీ టెస్టర్ పెట్టి చూడందే నేనెవరినీ పాడనివ్వలేదు. నువ్వూ అంతే చెయ్యి. రోజూ చెయ్యి. నిన్న చూశాం కదా అనుకోవద్దు.

హమ్ అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడు, చాలావరకు తగ్గుతుంది. పక్క పొలంలో బోరు మోటారు వేసినప్పుడల్లా నీ రికార్డింగులో టక్కుమని దెబ్బ పడే ప్రమాదం ఉంది. ఆ రైతుతో మంచిగా మాట్లాడి త్రీఫేజ్ కరెంటు ఏ వేళకి ఇస్తారో కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకో.

తీగలు రెండు సెట్లు ఎక్కువే కొను. రికార్డు చేసే ప్రతిసారీ ముందు శ్రుతి చూసుకో. డబ్బు ఎవరిది ఎంత, రేపు వస్తే ఎవరికి ఎంత అన్నది నలుగురూ రాసుకుని సంతకాలు పెట్టండి, స్నేహితులు కాబట్టే పెట్టండి. వడ్డీకి తేవద్దు. వేళకి అన్నం తినండి. గోడల పగుళ్లలో పొగాకు దుమ్ము ఇంకా ఉంటుంది. నువ్వు పాడటానికి రెండు రోజుల ముందే తడిగుడ్డతో తుడిపించు, లేకపోతే గొంతు పట్టేస్తుంది.

లోపలికి వెళ్లగానే మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టు. ఎదురెదురు గోడల మధ్య శబ్దం టర్రుమని తిరుగుతుంది. డ్రమ్ములకి అది అందం, మాటలకి చేటు. బొంతలూ గోనెపట్టాలూ వేలాడదియ్యి. బ్యారన్ కట్టిందే పొగాకు కట్టిన కర్రలు వేలాడదీయడానికి కాబట్టి నీకు మేకులు కొట్టే పని కూడా లేదు. ఇంకో సంగతి. కంప్యూటర్‌లో దొరికే ప్రతిధ్వని కొనకు. రికార్డు చేసిన నీ గొంతుని స్పీకర్లో పెట్టి ఖాళీ బ్యారన్‌లో ఒక మూల వినిపించు, ఎదురు మూల మైకు పెట్టి పట్టు. పెద్ద స్టూడియోలు ఇందుకోసమే ప్రత్యేకంగా గదులు కట్టుకున్నాయి. నీకు మీ అమ్మమ్మ వాళ్లు కట్టి పెట్టారు.

సైకడెలిక్ అన్న మాటకి మీ అమ్మ హడలిపోయింది. అది 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు రెండు గ్రీకు మాటలు కలిపి పుట్టించిన పదం. మనసుని వెలికితీసి చూపించేది అని అర్థం. మాటతో నాకు పేచీ లేదు, గంజాయితో ఉంది. దాచి ఏం లాభం? ఆర్కెస్ట్రాలో ఉన్న రోజుల్లో చెయ్యి తిరిగిన ఇద్దరు కుర్రాళ్లు అలా పోవడం నా కళ్లతో చూశాను. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం మొదటి ఆల్బమ్ 1967లో వచ్చింది. దాదాపు పాటలన్నీ సిడ్ బారెట్‌వి, అప్పటికి వాడికి 21 ఏళ్లు. మరుసటి ఏడు ఏప్రిల్‌కి వాడు బృందంలో లేడు. మనసు చెదిరిపోయింది, అందులో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు పాత్ర ఉందని తోటివాళ్లే చెప్పారు. చివరికి సంగీతం జోలికే పోకుండా కేంబ్రిడ్జిలో బతికి 2006లో పోయాడు. ఆ పాటలు ఆ పిల్లవాడు రాశాడమ్మా, మందు రాయలేదు. మందు పాటలన్నా రాస్తే, వాడు పోయాక కూడా వస్తూనే ఉండాలి కదా. నువ్వు జాగ్రత్తపరురాలివేనని నాకు తెలుసు. అయినా ఆ ముగ్గురిలో ఎవరన్నా తెస్తే, ఆ పూటకి రికార్డింగు ఆపి ఇంటికి పంపించెయ్యి. నన్ను ముసలాడి చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు.

నాకీ సంగీతం మద్రాసులో తగిలింది. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది, 1985లో కాలిపోయింది. నెల్లూరు నుంచి పొద్దున బండికి పోయి పాత రికార్డులు ఏరుకుని రాత్రి బండికి వచ్చేవాణ్ణి. ఆనంద శంకర్ 1970లో సితారునీ, కరెంటుతో స్వరాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌నీ కలిపి చేసిన రికార్డు అక్కడే దొరికింది. బీటిల్స్ 1966లో చేసిన రివాల్వర్ కూడా. దాంట్లో చివరి పాటంతా ఒకే శ్రుతి మీద నడుస్తుంది, కింద తంబురా మోగుతూనే ఉంటుంది. అది విన్నప్పుడు నాకు లండన్ గుర్తు రాలేదు. మన పెళ్లిళ్లలో సన్నాయి పక్కన కూర్చుని, బుగ్గలు పూరించి, తెగకుండా ఒత్తు పట్టే మనిషి గుర్తొచ్చాడు. ఆయన వైపు ఎవరూ చూడరు. ఆయన ఆపితే మాత్రం పందిరి కూలినట్టుంటుంది. నీ ఆల్బమ్‌కి అలాంటి మనిషిని ఒక పూట పిలిపించు. మేళానికి ఎంతిస్తారో అంతా ఇవ్వు.

బీటిల్స్ వాళ్ల ఆ చివరి పాటకి టేపు ముక్కలు అతికించి ఉంగరాల్లా చేశారు. ఐదు మిషన్ల మీద వాటిని తిప్పుతుంటే మనుషులు పెన్సిళ్లతో బిగువుగా పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకున్నవి నాలుగు ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసి కలపడానికి నాలుగే వరసలు. నీకు వంద ఉంటాయి. పాటకి ఎనిమిది దాటనని ముందే ఒట్టు పెట్టుకో. ఎనిమిదిలో ఇమడకపోతే అప్పుడు బుర్ర పనిచేస్తుంది, ప్రయోగం అక్కడ మొదలవుతుంది.

చెవులు. నా కుడిచెవి సంగతి నీకు తెలుసు. పదేళ్లు స్టేజీ మీద హారన్ స్పీకరు పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు రాత్రింబవళ్లు కీచురాయి కూస్తున్నట్టు ఉంటుంది, మందు లేదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఓర్చుకునే చెవి, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయంలో సగం పోగొట్టుకుంటుంది. 100కి వచ్చేసరికి మిగిలేది పావుగంట. మూసిన బ్యారన్‌లో డ్రమ్ములూ ఆంప్లిఫయరూ కలిస్తే 100 ఒక లెక్క కాదు. ఇయర్‌ప్లగ్గులు నలుగురికీ కొను. ఖర్చు నాది.

ఇక అసలు సంగతి. రికార్డు చేసినదాంట్లో ఏదీ తుడిచెయ్యకు. తప్పు పోయింది, గోలగా ఉంది, కుక్క మొరిగింది అని డిలీట్ కొట్టకు. 24 బిట్ల నాణ్యతలో ఎనిమిది ట్రాకులు గంటసేపు నడిచినా నాలుగు జీబీ చిల్లర. మూడు చోట్ల దాచు, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఎందుకు ఇంతలా చెప్తున్నానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1983 మాఘమాసం. మా అక్క, అంటే మీ అమ్మమ్మ, ఆ బ్యారన్ ముందర చాప మీద కూర్చుని కర్రలకి పొగాకు ఆకు కట్టేది. ఇంకో నలుగురు ఆడవాళ్లు తోడు. వేళ్లన్నీ జిగురుతో నల్లగా ఉండేవి. పాడేది. కూలివాళ్ల పాటే, కానీ ఎక్కడ ఊపిరి తీసుకునేదో తెలిసేది కాదు. నాకు 22 ఏళ్లు. నా క్యాసెట్ రికార్డరూ, స్నేహితుడి ఎలక్ట్రిక్ గిటారూ, ఒక పాత వాల్వు రేడియో పట్టుకుని వెళ్లాను. రేడియో వెనక గ్రామఫోను తగిలించే రంధ్రం ఉంటుంది, అందులో గిటారు దూర్చాం. స్పీకరు కాగితం చిరిగి ఉంది. తీగ మీటితే కందిరీగల తుట్టె కదిలినట్టు మోగింది. అక్క ఉలిక్కిపడి నవ్వి, "అది ఏడుస్తోందిరా, దానికీ పాట నేర్పండి" అని మళ్లీ ఎత్తుకుంది. మావాడు ఆమె శ్రుతి పట్టుకుని ఒకే స్వరం మీద ఉండిపోయాడు. ఇరవై నిమిషాలు. మధ్యలో మీ అమ్మ, అప్పుడు ఏడేళ్ల పిల్ల, "అమ్మా, ఆకలి" అంది. అన్నీ క్యాసెట్‌లో పడ్డాయి.

క్యాసెట్ వీపున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ చెవులుంటాయి. అవి విరిచేస్తే రికార్డు బటన్ దిగదు. ఆ రాత్రే స్క్రూడ్రైవర్‌తో రెండూ విరిచాను. అంటే దాని విలువ నాకు తెలుసు.

మరుసటి ఎండాకాలం ఒక పెళ్లి రికార్డింగు ఒప్పుకున్నాను. నా మిషన్ రిపేర్‌లో ఉంటే ఇంకొకరిది అడిగి తెచ్చాను. తీరా ముహూర్తం వేళకి కొత్త క్యాసెట్లు చాల్లేదు. తెల్లవారుజామున కొట్లు లేవు. సంచీలో అదొక్కటే ఉంది. విన్నప్పుడల్లా గిటారు గోల, కుక్క, పిల్ల ఏడుపు. మళ్లీ శుభ్రంగా, మంచి మైకుతో చేద్దాంలే, అక్క ఎక్కడికి పోతుంది అనుకున్నాను. వేలికి చుట్టుకున్న ప్లాస్టర్ పీకి, విరిచిన చెవి ఉండాల్సిన గుంట మీద అంటించాను. బటన్ దిగింది.

ఆ పై సంవత్సరం అక్క పచ్చకామెర్లతో పోయింది.

మీ అమ్మ పెళ్లప్పుడు, "మామా, అమ్మ పాట క్యాసెట్ ఉండాలి కదా" అని అడిగింది. 1984 నవంబరు తుపానులో తడిసి పాడైపోయిందని చెప్పాను. ఆ తుపానులో మా ఇంట్లోకి నీళ్లు వచ్చిన మాట నిజం. క్యాసెట్ తడవలేదు. ఇన్నేళ్లూ మీ అమ్మ తుపానుని తిట్టుకుంటూనే ఉంది.

పెళ్లివారికి కాపీ ఇచ్చి అసలుది నేనే ఉంచుకున్నాను. అక్క పోయాక ఒక రాత్రి బాగైన నా మిషన్‌లో దాన్ని పెట్టాను. సన్నాయి వాయిస్తున్నారు. గట్టిమేళం అయి ఒక్క క్షణం అన్నీ ఆగాయి. ఆ ఖాళీలో, చాలా దూరంగా, కందిరీగల మోతా, దాని మీద అక్క గొంతూ. అడిగి తెచ్చిన మిషన్‌లో టేపుని తాకే హెడ్డు వెంట్రుకవాసి పక్కకి ఉండి టేపు అంచు మొత్తం చెరపలేదు. ఆ అంచుని నా మిషన్ చదువుతోంది. సన్నాయి ఆగిన ప్రతిచోటా ఆమె ఉంది. ఒకచోట "అమ్మా" అని మీ అమ్మ కూడా ఉంది.

వచ్చే ఆదివారం పినాకిని రైలుకి వస్తున్నాను. ఒంగోలులో దిగుతాను, బండి పంపు. మిషన్ తెస్తున్నాను, బెల్టు మార్పించాను, హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. టేపు ముసలిదైంది, ఒక్కసారికి మించి తిప్పే ధైర్యం నాకు లేదు. నీ రికార్డర్ ముందే సిద్ధంగా ఉంచు. లెవెల్ తక్కువలో పెట్టుకో, సన్నాయి ఒక్కసారిగా లేస్తుంది. తర్వాత నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ మాత్రం దాని మీద వాడకు తల్లీ. అది సన్నాయిని పాట అనుకుంటుంది, మీ అమ్మమ్మని గోల అనుకుంటుంది. ఆల్బమ్‌లో పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం.

మీ అమ్మని కూడా ఆ వేళకి బ్యారన్ దగ్గరికి రమ్మను. ఎందుకో చెప్పకు, నేనే చెప్పుకోవాలి. నా కుర్చీ ఎడమచెవి స్పీకరు వైపు వచ్చేలా వెయ్యి.

ఆశీస్సులతో,
మీ మూలాపేట తాతయ్య